ద్రష్ట ఎవరు? – క్వాంటం భౌతికశాస్త్రమూ, వేదాంతమూ



ఈనాడు నాకు ఇచ్చిన విషయం కొంత విచిత్రమైనది. ఎనిమిదేళ్ళ వయస్సులో పాఠశాలలో చేరి, గురువుగారి ఎదుట కూర్చుని సంత చెప్పుకొని, కృష్ణయజుర్వేదం వల్లె వేసినవాడిని నేను. తరువాత కొంత తర్కం, కొంత వేదాంతం చదువుకున్నాను. ప్రయోగశాల గడప తొక్కినవాడిని కాను. అటువంటి నన్ను పిలిచి, క్వాంటం భౌతికశాస్త్రానికీ ఆధ్యాత్మికతకూ గల సంబంధం చెప్పమన్నారు. ఇరవై ఏళ్ళ క్రితం ఇదే విషయం మీద ఎంతో ధీమాగా మాట్లాడాను. ఈనాడు భయభక్తులతో మాట్లాడుతున్నాను. ఆ ధీమా ఎలా పోయిందో ముందుగా మనవి చేస్తాను.

అవి శరన్నవరాత్రులు. గోదావరి గట్టున ఒక గ్రామంలో ఉపన్యాసం. అంతకు కొద్దిరోజుల ముందు ఏదో పత్రికలో ఒక వ్యాసం చదివాను. అది తలకెక్కింది. సభలో ఇలా అన్నాను: "ఎలక్ట్రాన్ అనే సూక్ష్మకణం ఉన్నది. మనం చూస్తే ఒక విధంగా, చూడకపోతే మరొక విధంగా ప్రవర్తిస్తుంది. అంటే ఏమిటి? చూచే మనస్సే జగత్తును సృష్టిస్తున్నది! మన ఋషులు ఎప్పుడో చెప్పిన మాటను పాశ్చాత్య విజ్ఞానులు ఈనాటికి ఒప్పుకున్నారు!" చప్పట్లు మారుమోగాయి. ముందు వరుసలో కూర్చున్న ఇంటర్మీడియెట్ పిల్లవాడు ఒకడు ఆ మాటలన్నీ పుస్తకంలో వ్రాసుకున్నాడు. నాకు మరింత ఉత్సాహం కలిగింది.

నాలుగైదు సంవత్సరాలు గడిచాయి. ఆ పిల్లవాడే ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చి పాదాలకు నమస్కరించాడు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాడట. అరుగు మీద కూర్చుని, కాసేపు ఊరకున్నాడు. తరువాత అన్నాడు: "తాతగారూ, ఆనాడు మీ మాట విని ఈ చదువులో చేరాను. క్లాసులో మా ప్రొఫెసరుగారిని అడిగాను. అక్కడ చూడటమంటే మనస్సు చూడటం కాదట. ఏ మనిషీ లేకపోయినా అదే ఫలితం వస్తుందట. మీరు చెప్పినది తప్పని తేలింది. అయితే ఉపనిషత్తు కూడా తప్పేనా?"

మహాజనులారా! ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బిడ్డ మనస్సులో ఉపనిషత్తు మీద అనుమానం నాటినవాడు ఏ నాస్తికుడో అయితే నాకు అంత బాధ ఉండేది కాదు. దానిని పొగడబోయి నేనే నాటాను.

మనలో చాలామందికి పొలం వ్యాజ్యాలు తెలుసు. ఒక రైతు దగ్గర తాతల నాటి అసలైన దస్తావేజు ఉన్నది. అది చాలు. కానీ బలం కోసమని, సంగతి తెలియని ఒక మనిషిని సాక్షిగా తెచ్చి బోను ఎక్కించాడు. ఎదుటి వకీలు నాలుగు ప్రశ్నలు వేసేసరికి సాక్షి తడబడ్డాడు. దానితో నిజమైన దస్తావేజు మీద కూడా న్యాయాధికారికి అనుమానం వచ్చింది. నేను చేసిన పని అదే. శ్రుతి అనే దస్తావేజు చేతిలో ఉండగా, నాకే సరిగా తెలియని శాస్త్రాన్ని సాక్షిగా పిలిచాను.

అప్పుడు ఆ శాస్త్రం ఏమంటున్నదో తెలుసుకోవాలనుకున్నాను. మా ఊరిలో ఉద్యోగ విరమణ చేసిన భౌతికశాస్త్రం మాస్టారు ఒకరు ఉండేవారు. ఆయనను ఆశ్రయించాను. సాయంసంధ్య అయిన తరువాత గుడి కోనేటి మెట్ల మీద కూర్చుని, ఎనిమిది నెలలు నాకు ఓపికగా చెప్పారు. ఆయన దగ్గర విన్నవీ, ఆ తరువాత తెలుసుకున్నవీ నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

1900వ సంవత్సరం డిసెంబరు 14న బెర్లిన్ నగరంలో మాక్స్ ప్లాంక్ అనే విజ్ఞాని ఒక సిద్ధాంతం ప్రకటించారు. వేడెక్కిన వస్తువు నుండి వచ్చే కాంతిని వివరించాలంటే, శక్తి ధారగా కాక బొట్లు బొట్లుగా మారుతున్నదని అనుకోవలసి వచ్చింది. ఆ బొట్టుకే క్వాంటం అని పేరు. క్వాంటం భౌతికశాస్త్రానికి అదే అంకురం. ట్రాన్సిస్టర్, లేజర్, ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రం – ఇవన్నీ ఆ శాస్త్రం పెట్టిన భిక్షే.

ఇక ఎలక్ట్రాన్ సంగతి. ఒకనాడు మాస్టారుగారు రెండు గులకరాళ్ళు తీసి, ఒకేసారి కోనేటిలో రెండు చోట్ల వేశారు. రెండు రాళ్ళ నుండీ అలలు వలయాలుగా బయలుదేరాయి. అవి కలిసినచోట కొన్ని తావుల నీరు రెట్టింపుగా లేచింది, కొన్ని తావుల అల అణగిపోయింది. "శాస్త్రిగారూ, రెండు దారులలో వచ్చిన అలలు కలిస్తే ఇటువంటి చారలు ఏర్పడతాయి. ఎలక్ట్రాన్లను రెండు దారులు ఉన్న అమరిక గుండా పంపితే, అవతలి తెర మీద సరిగ్గా ఇవే చారలు వస్తాయి" అన్నారు. జపాన్‌లో తోనోమురా అనే విజ్ఞాని బృందం 1989లో ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపి చూపింది. ఒక్కొక్కటీ తెర మీద ఒక్కొక్క చుక్కగా పడింది. చుక్కలు పెరిగిన కొద్దీ చారలు తేలాయి. తగిలేటప్పుడు కణం, చుక్కల మొత్తం చూస్తే తరంగం. ఇది నిజంగా ఆశ్చర్యకరమే.

ఏ దారిన వెళ్ళినదో తెలిసే గుర్తు ఏదైనా మిగిలితే, ఆ చారలు మాయమవుతాయి. నేను పొరబడినది ఇక్కడే. గుర్తు మిగలటమంటే ఎవరో మనిషి చూడటమని అనుకున్నాను. ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో 1999లో, అరవై కర్బన పరమాణువులు బంతివలె కూడిన అణువులతో కూడా ఈ చారలు చూపించారు. డెబ్భై పరమాణువుల అణువులతో 2004లో మరొక ప్రయోగం ప్రకటించారు. అణువులను బాగా వేడి చేస్తే, పోతూ పోతూ అవి కొంత కాంతిని విడుస్తాయి. ఎక్కడ ఉన్నాయో ఆ కాంతి చాటుతుంది. వేడి పెంచిన కొద్దీ చారలు మసకబారి మాయమయ్యాయి. ఆ కాంతిని ఏ మనిషీ చూడలేదు. ఎవరూ చూడనక్కరలేకపోయింది. పరిసరాలలో గుర్తు పడితే చాలు.

చూచేవాని చైతన్యమే ఫలితాన్ని నిర్ణయిస్తుందని అన్న విజ్ఞానులు లేకపోలేదు. నోబెల్ బహుమతి పొందిన యూజీన్ విగ్నర్ 1961లో అటువంటి అభిప్రాయమే ప్రకటించారు. అయితే తరువాతి కాలంలో ఆయనే దానిని విడిచిపెట్టారు. ఈ గణితానికి అర్థమేమిటన్న విషయంలో భౌతికశాస్త్రజ్ఞులలో ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. లెక్క అందరికీ ఒకటే, దాని వ్యాఖ్యానాలు పలు విధాలు. వాళ్ళే ఇంకా వాదించుకుంటున్న చోట మనం వెళ్ళి గుడి కట్టటం వివేకం కాదు.

సరే, ఒక్కమాట. విగ్నర్ మొదట అన్నదే నిజమని రేపు తేలిందనుకుందాం. చూచే మనస్సు వల్లనే ఎలక్ట్రాన్ దారి నిర్ణయమవుతుందనుకుందాం. అప్పుడైనా వేదాంతం రుజువు అవుతుందా? నేను చదువుకున్న శాస్త్రంతో దీనిని పరీక్షించాను. కాదని తేలింది.

వేదాంతంలో సాక్షి అంటే ఎవరు? సాక్షి అకర్త. ఏదీ చేయడు. దీపం వెలుగులో ఒకడు గీతాపారాయణ చేస్తాడు, ఒకడు జూదమాడతాడు. దీపం వాళ్ళను పురికొల్పదు, ఆపదు. కేవలం ప్రకాశింపజేస్తుంది. సాక్షి కూడా అంతే. అతని సన్నిధిలో మనస్సు ఆలోచిస్తుంది, కన్ను చూస్తుంది. అతనిలో వికారం లేదు. చూడటం వల్ల చూడబడేదానిని మార్చేవాడు ఎవడైనా ఉంటే, వాడు కర్త అవుతాడు. కర్త అయినవాడు సాక్షి కాడు. కనుక "నా చూపు ఎలక్ట్రాన్‌ను మార్చింది, కనుక ఆత్మ ఉన్నది" అనటం మన సిద్ధాంతానికే విరుద్ధం. మహా అయితే అది అంతఃకరణం యొక్క శక్తిని చెబుతుంది. మనస్సు కూడా దృశ్యమే కాని ద్రష్ట కాదని కదా మన పెద్దలు బోధించినది!

మరొక పొరపాటు కూడా ఉన్నది. ఎంత సూక్ష్మమైతే అంత ఆధ్యాత్మికమని మనం అనుకుంటాం. కొండ కంటే రాయి, రాయి కంటే అణువు, అణువు కంటే ఎలక్ట్రాన్ సూక్ష్మం. ఇంకా లోపలికి పోతే పరమాత్మ దొరుకుతాడని ఊహిస్తాం. తైత్తిరీయంలో అన్నమయం మొదలైన అయిదు కోశాలు చెప్పారు. ఎలక్ట్రాన్ ఎంత చిన్నదైనా తెలియబడే జడమే కనుక అన్నమయం వైపే చేరుతుంది. జడం చిన్నదైనంత మాత్రాన చైతన్యం కాదు. మినప్పప్పును ఎంత మెత్తగా రుబ్బినా పిండి అవుతుంది కాని, రుబ్బేవాడు అందులోనుంచి రాడు.

"కణాదమహర్షి పరమాణువును ముందే కనుగొన్నారు, కనుక మన వేదాంతం శాస్త్రీయం" అనే మాట కూడా వింటుంటాం. వైశేషిక దర్శనంలో పరమాణువుల ప్రస్తావన ఉన్నది, నిజమే. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం. మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్రసరేణువు. కిటికీ నుండి పడే ఎండలో కదలాడే నలుసు అది. ఎంతో చక్కని తర్కం. కానీ శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యం రెండవ అధ్యాయంలో, తర్కపాదంలో, పరమాణువులే జగత్కారణమన్న వాదాన్ని ఖండించారు. ఆ సంగతి మరచిపోయి, ఆయన ఖండించినదానినే తెచ్చి ఆయన సిద్ధాంతానికి ఆధారంగా నిలబెడితే ఏమనుకోవాలి?

అయితే శాస్త్రం ఒకవైపు, శ్రుతి ఒకవైపు పోట్లాడుకోవాలా? అక్కరలేదు. తర్కం చదివే పిల్లలందరికీ మొదటి గ్రంథం తర్కసంగ్రహం. దానిని వ్రాసిన అన్నంభట్టు మన తెలుగువారే. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పారు. దేని హద్దు దానిది. రంగును కన్ను చెప్పాలి, రాగాన్ని చెవి చెప్పాలి. మోహనరాగం ఎర్రగా ఉన్నదా, పచ్చగా ఉన్నదా అని కంటిని అడగకూడదు. నిప్పు చల్లనిదని నూరు శ్రుతివాక్యాలు చెప్పినా, ఆ విషయంలో అవి ప్రమాణం కాజాలవని శంకరులే గీతాభాష్యంలో స్పష్టం చేశారు. ప్రత్యక్షానికి ఎంత గౌరవం ఇచ్చారో చూడండి! కాబట్టి ఎలక్ట్రాన్ ఎలా నడుస్తుందో భౌతికశాస్త్రం చెప్పాలి. వేదం ఆ విషయం చెప్పటానికి పుట్టలేదు.

అదే విధంగా, మరొక ప్రమాణం వల్ల తెలియనిదానిని తెలిపితేనే అది ప్రమాణం. ఆత్మతత్త్వం ప్రయోగశాలలో తేలేదైతే, ఉపనిషత్తు దానిని మళ్ళీ చెప్పటం అనువాదం మాత్రమే అవుతుంది. విజ్ఞానశాస్త్రం చేత ముద్ర వేయించి శ్రుతిని గొప్ప చేయబోతే, దాని ప్రామాణ్యాన్నే తీసివేసిన వారమవుతాం.

మరి ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదా? ఉన్నది. ఆ సంబంధం మనం వెదికేచోట లేదు. దానిని చూపినవారు ఎర్విన్ ష్రోడింగర్. 1887లో వియన్నాలో పుట్టారు. 1926లో ఆయన ప్రకటించిన సమీకరణం క్వాంటం శాస్త్రానికి మూలస్తంభం. 1933లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన షోపెన్‌హవర్ వంటివారి గ్రంథాల ద్వారా వేదాంతం వైపు ఆకర్షితులయ్యారు. ఆ సమీకరణానికి కొద్ది నెలల ముందు, 1925లో, వేదాంతదృష్టిని గురించి ఒక వ్యాసం వ్రాసుకున్నారు. అది 1961లో గాని పుస్తకంగా వెలువడలేదు. 1944లో ప్రకటించిన "వాట్ ఈజ్ లైఫ్?" అన్న గ్రంథం చివర ఆత్మబ్రహ్మైక్యాన్ని ప్రస్తావించారు.

ఇంత అభిమానం ఉన్న మనిషి, తన సమీకరణం వేదాంతాన్ని నిరూపించిందని అన్నారా? లేదు. 1958లో వచ్చిన "మైండ్ అండ్ మాటర్" అనే గ్రంథంలో ఆయన చెప్పిన సారాంశం ఇది. ప్రయోగంలో ఒకదానిని ఒకటి మార్చేవి రెండు భౌతిక పదార్థాలు. చూచే చైతన్యం భౌతిక పదార్థం కాదు కనుక, దానిని ఆ లావాదేవీలోకి లాగకూడదు. ఆశ్చర్యంగా లేదూ? నేను సభలో చప్పట్ల కోసం చేసిన పొరపాటును, ఆ సమీకరణం కనిపెట్టిన మహనీయుడు చేయలేదు.

ఆయనే ఇంకొక విషయం గుర్తించారు. విజ్ఞానశాస్త్రం ప్రపంచానికి ఒక చిత్రం గీస్తుంది. ఆ చిత్రం అందరికీ ఒకే విధంగా ఉండాలంటే, చూచేవానిని పక్కకు తప్పించాలి. కనుక చిత్రం పూర్తి అయిన తరువాత అందులో పరమాణువులు ఉంటాయి, నక్షత్రాలు ఉంటాయి, మెదడు కూడా ఉంటుంది. తెలుసుకున్నవాడు మాత్రం కనబడడు.

ఈ మాట తెలిసిననాడు నాకు దశమపురుషుని కథ జ్ఞప్తికి వచ్చింది. మీ అందరికీ తెలిసినదే. పదిమంది కలిసి నది దాటారు. అందరూ వచ్చామా అని ఒకడు లెక్కపెట్టాడు. తొమ్మిదిమందే తేలారు. ఎవరు లెక్కపెట్టినా తొమ్మిదే. పదవవాడు ఏటిలో పోయాడని ఏడుస్తున్నారు. దారిన పోయే పెద్దమనిషి ఒకడు వచ్చి, లెక్కపెట్టేవానినే చూపి, పదవవాడవు నీవే నాయనా అన్నాడు. దుఃఖం తీరిపోయింది.

ఈ కథలో ఒక సూక్ష్మం ఉన్నది. లెక్కపెట్టినవాడు గణితంలో తప్పు చేయలేదు. ఎదురుగా ఉన్నవారు తొమ్మిదిమందే. భౌతికశాస్త్రం లెక్క అటువంటిది. దానిని తప్పు పట్టే అధికారం మనకు లేదు. అయితే ఇంకా మంచి కళ్ళద్దాలు పెట్టుకొని మళ్ళీ లెక్కించినంత మాత్రాన పదవవాడు దొరకడు. పదివేల సార్లు లెక్కించినా దొరకడు. వానిని వెదికి తేవటం కాదు, ఒకరు చెప్పగా గుర్తించాలి. ఆ చెప్పే పెద్దమనిషే శ్రుతి, ఆ మాటను మన చెవిన వేసేవాడే గురువు. శాస్త్రం తన లెక్కను నిజాయితీగా ముగించిన చోట, వేదాంతం తన ప్రశ్నను మొదలుపెడుతుంది. నాకు తెలిసిన సంబంధం ఇంతే. ఇది చాలు.

స్విట్జర్లాండ్‌లోని జెనీవా దగ్గర సెర్న్ అనే మహా పరిశోధనాలయంలో, 2004లో మన ప్రభుత్వం బహూకరించిన నటరాజమూర్తి ఉన్నది. చూచి సంతోషిద్దాం. అది ఒక సంస్కృతికి జరిగిన గౌరవం. రుజువుపత్రం అని మాత్రం అనుకోవద్దు. నటరాజస్వామికి ఎవరి రుజువుపత్రమూ అవసరం లేదు.

ఇక మీకు మూడు మనవులు. మొదటిది: మీ పిల్లలు విజ్ఞానశాస్త్రం చదువుతామంటే నిండు మనస్సుతో చదివించండి. అది నాస్తికత్వమని భయపడకండి. రెండవది: క్వాంటం అన్న పేరు తగిలించి కంకణాలు, యంత్రాలు, చికిత్సలు అమ్మేవారు బయలుదేరారు. దైవభక్తి ఉన్నవారినే వాళ్ళు వెదుకుతారు. జబ్బు చేస్తే వైద్యుని దగ్గరకు వెళ్ళండి, మనశ్శాంతికి జపం చేసుకోండి. మూడవది: వేదాంతం నిజమా కాదా అని పరీక్షించాలనుకుంటే, దానికి తగిన ప్రయోగశాల మీ దగ్గరే ఉన్నది. ఈ సంవత్సరం నాలో భయం తగ్గినదా? పొరుగువాని మీద ద్వేషం తగ్గినదా? చేతిలోది జారిపోయినప్పుడు తల్లడిల్లటం తగ్గినదా? ఈ పరీక్ష ఎవరికి వారు చేసుకోవలసినదే.

ఆ పిల్లవాని సంగతి చెప్పి ముగిస్తాను. మాస్టారుగారి దగ్గర పాఠం ముగిసిన తరువాత అతనికి ఉత్తరం వ్రాశాను. "నాయనా, ఆనాడు నేను చెప్పినది తప్పు. ఉపనిషత్తు చెప్పినది తప్పు కాదు. ఆ రెండింటికీ ముడివేసినది నా తొందరపాటు. నీ శాస్త్రాన్ని నీవు శ్రద్ధగా చదువుకో. ఉపనిషత్తును గురించి అడగాలనిపిస్తే, అరుగు మీద నీ చోటు నీకు ఉన్నది" అని వ్రాశాను. డెబ్భైయవ పడికి దగ్గరపడుతున్న వయస్సులో తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం వ్రాయటం కష్టమే అయింది. కాని ఆ రాత్రి నిద్ర పట్టింది.

రెండేళ్ళు జవాబు రాలేదు. తరువాత ఒక మాఘమాసంలో అతనే వచ్చాడు. ఇప్పుడు కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాడు. ఎప్పుడు ఊరికి వచ్చినా పొద్దున్నే మా ఇంటికి వస్తాడు. తైత్తిరీయం సంత చెప్పుకుంటున్నాడు. ఎలక్ట్రాన్ సంగతి నేను అతనిని అడుగుతాను, అతను చెబుతాడు. ఉపనిషత్తు సంగతి అతను నన్ను అడుగుతాడు, నాకు తెలిసినంత చెబుతాను. ఒకరి హద్దు ఒకరం దాటము. ఇద్దరికీ హాయిగా ఉన్నది.

సర్వసాక్షి అయిన పరమేశ్వరుడు మన అందరికీ సద్బుద్ధినీ, సత్యం పలికే ధైర్యాన్నీ ప్రసాదించుగాక! స్వస్తి.